సీ-సా మీద కుక్కకు ధైర్యం నేర్పడం: మొదటి చప్పుడు నుంచి పూర్తి పరుగు దాకా

చుక్క నా దగ్గరికి వచ్చిన రెండో ఏడు అది. అప్పటికి అజిలిటీలో, అంటే కుక్క వరుసగా అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆటలో, దూకుళ్లన్నీ నేర్చుకుంది, సొరంగంలోకి బాణంలా దూసుకుపోయేది. ఆ ధీమాతో ఒక సాయంత్రం దాన్ని నేరుగా పూర్తి ఎత్తున్న సీ-సా, అంటే మధ్యలో ఇరుసు మీద ఊగే పొడవాటి పలక, ఎక్కించాను. మూతి ముందు మాంసం ముక్క పట్టుకుని నడిపిస్తుంటే దాని చూపంతా నా వేళ్ల మీదే ఉంది. కాళ్ల కింద ఏముందో గమనించుకోలేదు. ఇరుసు దాటి రెండడుగులు వేసిందో లేదో, పలక ఒక్కసారిగా కిందికి జారింది. చుక్క కడుపును పలకకు ఆనించి, గోళ్లతో గట్టిగా పట్టుకోబోయి, పట్టు దొరకక పక్కకు దూకేసింది. దాని వెనకే పలక ధడేలుమని నేలను కొట్టింది. ఆ తర్వాత నాలుగు నెలలపాటు సీ-సా ఉన్న మూలకే రాలేదు. అంతకుముందు హాయిగా నడిచిన డాగ్‌వాక్ (ఎత్తులో కదలకుండా ఉండే సన్నని పలక వంతెన) మీద కూడా ఒక్క అడుగు వేసి ఆగిపోయేది.

తప్పు పూర్తిగా నాదే. ఆ నాలుగు నెలల్లో నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. సీ-సా మీద చాలా కుక్కలను భయపెట్టేది ఎత్తు కాదు. నమ్మి నిలబడిన చోటు కదలడం, వెంటనే చెవులు అదిరేలా చప్పుడు రావడం, ఈ రెండే. ఇవి తన ప్రమేయం లేకుండా తన మీదికి వచ్చిపడుతున్నంతకాలం కుక్క భయపడుతూనే ఉంటుంది. పలకను తానే పడగొడుతున్నానని, ఆ చప్పుడు చేసేది తానేనని దానికి అర్థమైన రోజు సగానికి పైగా పని అయిపోతుంది. కింద చెప్పే మెట్లన్నీ ఆ అవగాహన కలిగించడానికే.

ముందుగా సీ-సా గురించి

అజిలిటీ 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, గుర్రాల దూకుడు పోటీల తరహాలో మొదలైన ఆట. దూకడం, పరుగెత్తడం, దూరడం కుక్కకు పుట్టుకతో వచ్చేవే. సీ-సా సంగతి వేరు. ఎక్కిన కుక్క కింద ఏటవాలే మారిపోయే అడ్డంకి ఇదొక్కటే. పిల్లల ఆటస్థలంలో ఇద్దరు చెరో చివర కూర్చుని ఊగే పలక లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ రెండో చివర ఎవరూ ఉండరు. కుక్క ఒక్కటే ఎక్కాలి, దాటాలి, పలకను దించాలి.

కుక్కల అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐ నిబంధనల ప్రకారం పలక పొడవు 3.6 నుంచి 3.8 మీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు, ఇరుసు దగ్గర ఎత్తు 60 సెంటీమీటర్లు. రెండు చివర్లలోనూ 90 సెంటీమీటర్ల మేర వేరే రంగు వేసిన భాగం ఉంటుంది. అదే కాంటాక్ట్. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కుక్క కనీసం ఒక్క పాదమైనా అక్కడ మోపాలి. పలక నేలను తాకకముందే కుక్క దిగిపోతే తప్పు కింద లెక్క. ఇరుసు దాటకముందే దూకేస్తే నిరాకరణగా, అంటే కుక్క అడ్డంకిని దాటనన్నట్టుగా, రాస్తారు. ఇతర సంస్థల కొలతల్లో కొద్దిపాటి తేడాలుంటాయి కాబట్టి మీరు పోటీ చేయబోయే సంస్థ నిబంధనలు తెచ్చుకుని చూడండి.

ఈ కొలతల్లో శిక్షణకు పనికొచ్చే లెక్క ఒకటి దాగి ఉంది. ఒక చివర నేల మీద ఉన్నప్పుడు రెండో చివర ఇరుసు ఎత్తుకు రెట్టింపు పైకి లేస్తుంది. అంటే ఇరుసు 60 సెంటీమీటర్లుంటే చివరి అంచు దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కిందికి వస్తుంది. ఇరుసును 15కు దించితే అంచు 30 సెంటీమీటర్లే పడుతుంది. ఎత్తు మార్చుకునే వీలున్న సీ-సా దొరికితే అంతకన్నా మంచి సాధనం లేదని అనేది అందుకే.

పలక పడే వేగాన్ని కూడా చూసుకోవాలి. లేచి ఉన్న చివరన కాంటాక్ట్ మధ్యలో ఒక కిలో బరువు పెడితే పలక రెండు మూడు సెకన్లలో నేలను తాకాలన్నది ఎఫ్‌సీఐ పరీక్ష. శిక్షణకు వాడే సీ-సాను కూడా ఇలాగే పరీక్షించండి. అంతకన్నా వేగంగా పడేది కొత్త కుక్కను బెదరగొడుతుంది. మరీ నెమ్మదైనది చిన్న కుక్కలను ఎటూ తేలని స్థితిలో నిలబెట్టేస్తుంది. ఇరుసు బిగుసుకుపోయి మధ్యలో పట్టేసి, తర్వాత ఒక్కసారిగా జారే పలకను మాత్రం బాగుచేసే దాకా వాడకండి.

మొదలుపెట్టే ముందు

ఎముకలు పూర్తిగా ఎదగని కుక్కను పూర్తి ఎత్తు సీ-సా ఎక్కించవద్దు. ఎఫ్‌సీఐ పోటీలకు కనీస వయసు 18 నెలలు. అంతదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. నేలకు ఆనుకుని చేసే ఆటలు, అంటే కింద చెప్పే మొదటి రెండు మెట్లు, కుక్కపిల్లకూ బాగా నప్పుతాయి. పెద్ద కుక్కలకు నడుము, తుంటి, భుజాల కీళ్లను ఒకసారి పశువైద్యుడికి చూపించండి. గోళ్లు కత్తిరించి ఉంచండి. పొడవైన గోళ్లతో పలక మీద కాలు సరిగా ఆనదు.

తినిపించే వస్తువు మెత్తగా, గోరంత ముక్కలుగా, కుక్క ప్రాణం పెట్టేదిగా ఉండాలి. రెండు మాటలు ముందే అలవాటు చేయండి. ఒకటి గుర్తు మాట: కుక్క సరైన పని చేసిన క్షణంలో అనేది. క్లిక్కర్ (నొక్కితే చిటుక్కుమనే చిన్న పరికరం) వాడేవాళ్లకు ఆ చిటుకే చాలు. నేను 'భళీ' అంటాను. రెండోది విడుదల మాట: అది వినే దాకా ఉన్నచోటే ఉండాలి. నాకది 'పద'.

కుక్క భయాన్ని చదవడం కూడా ముందే నేర్చుకోండి. పెదవులు నాకడం, సందర్భం లేకుండా ఆవులించడం, బరువంతా వెనక కాళ్ల మీదికి జరపడం, చెవులు వెనక్కి అతుక్కోవడం, తోక దిగిపోవడం అందరికీ తెలిసిన గుర్తులే. నేను వీటికన్నా ముందు చూసేది, ముక్కను ఎలా తీసుకుంటోందన్నది. ఎప్పుడూ పెదవులతో సున్నితంగా అందుకునే కుక్క మీ వేళ్లను పళ్లతో గీరుతూ లాక్కుందంటే అది లోపల బిగుసుకుపోయి ఉంది. నోట్లోంచి ముక్క జారవిడిచిందంటే మీరు రెండు మెట్లు ముందుకు వెళ్లిపోయారు.

మొదటి మెట్టు: కదిలే చెక్క

రెండడుగుల చదరపు చెక్క తీసుకోండి. దాని మీద జారకుండా రబ్బరు పట్టా అంటించండి. కింద మధ్యలో ఒక మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. చెక్క కొద్దిగా, వేలెడంత, అటూ ఇటూ ఊగితే చాలు. మెడపట్టీ పట్టుకోకుండా, తాడు లేకుండా, కుక్కను దాని దగ్గర వదలండి. ఏమీ చెప్పకండి.

వాసన చూస్తే 'భళీ', ముక్క. ఒక కాలు పెడితే 'భళీ', ముక్క. ముక్కను చెక్క మీదే ఉంచండి. భయం తర్వాత చుక్కకు ఈ చెక్కతోనే మళ్లీ అ ఆలు దిద్దించాను. మొదటిసారి ముందు కాలు పెట్టగానే చెక్క 'టక్'మంది. చటుక్కున కాలు తీసేసి రెండడుగులు వెనక్కి వెళ్లింది. నేను కదలలేదు, పిలవలేదు. అది తల ఒక పక్కకు వంచి చెక్కను చూసింది, నన్ను చూసింది, మళ్లీ చెక్కను చూసింది. తర్వాత మెల్లగా వచ్చి అదే కాలితో అదే అంచును నొక్కింది. మళ్లీ 'టక్'. ఈసారి కాలు తీయలేదు. నేను ఎదురుచూసింది ఆ రెండో నొక్కు కోసమే. మొదటిది అనుకోకుండా జరిగింది. రెండోది తానే చేసింది. మీ కుక్క దగ్గర ఆ రెండో నొక్కు కనిపించిన క్షణంలో ఒకటికి బదులు ఐదారు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి.

నాలుగు కాళ్లతో ఎక్కి, తిరిగి, కావాలని చెక్కను ఊపే దాకా ఇక్కడే ఉండండి. ఆ తర్వాత తువ్వాలు తీసి టెన్నిస్ బంతి, ఆపైన ఇంకొంచెం పెద్దది పెట్టి ఊపు పెంచుతూ పోవచ్చు. కొన్ని కుక్కలకు రెండు రోజులు పడుతుంది, కొన్నింటికి రెండు వారాలు. ఒక్కో విడత మూడు నిమిషాలు దాటనివ్వవద్దు.

రెండో మెట్టు: చప్పుడు

కదలికను, చప్పుడును ఒకేసారి నేర్పకూడదు. రెండూ విడివిడిగా కుదిరాకే కలపాలి. చప్పుడు పాఠంలో మొదటి భాగానికి కుక్క సీ-సా దగ్గర ఉండనే అక్కర్లేదు. మీరు కుక్కతో ఇరవై ముప్పై అడుగుల దూరాన నిలబడండి. మరొకరు పలక చివరను అరచేయంత ఎత్తు నుంచి మెత్తని పరుపు మీదికి వదలాలి. చప్పుడు వినపడిన వెంటనే ముక్క. వరుస ముఖ్యం: ముందు చప్పుడు, తర్వాత ముక్క. ముక్క చూపించాక చప్పుడు వస్తే కుక్క లెక్క తిరగబడుతుంది. అప్పుడు ముక్క కనిపించడమే ఏదో మోగబోతోందనడానికి గుర్తయి, దానికి తిండి మీద కూడా అనుమానం పుడుతుంది. నాలుగైదు రోజుల్లో చప్పుడు వినగానే మీ చేతి వైపు తోక ఊపుతూ చూస్తే దూరం తగ్గించండి. తర్వాత పరుపు మందం తగ్గించండి. రెండూ ఒకే రోజు వద్దు.

రెండో భాగంలో కుక్కే చప్పుడు చేస్తుంది. శిక్షకులు దీన్ని 'బ్యాంగ్ ఆట' అంటారు. పలక రెండో చివరకు దన్ను పెట్టి, ఇవతలి చివర నేల నుంచి పది సెంటీమీటర్ల ఎత్తులో మాత్రమే ఉండేలా చూడండి. కింద పరుపు వేయండి. కుక్క ముందు కాళ్లు దాని మీద వేసి కిందికి నొక్కాలి. చెక్క ఆట బాగా వచ్చిన కుక్క దీన్ని క్షణాల్లో పట్టేస్తుంది. ధడ్, 'భళీ', ముక్క. నొక్కి పట్టుకుని ఉంటే ఇంకొకటి. తర్వాత ఎత్తు 20, ఆపైన 30 సెంటీమీటర్లు. ఎత్తు పెంచిన రోజు పరుపు మందంగా ఉంచండి, పరుపు పలుచబరిచిన రోజు ఎత్తు తగ్గించండి. మీరు ఆపమన్నా మళ్లీ వెళ్లి పలకను కొట్టొచ్చే స్థాయికి చేరాలి. ఈ మెట్టు మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదని నా అనుభవం. తర్వాత ఎప్పుడు ఏ కష్టమొచ్చినా వెనక్కి వచ్చి నిలబడేది ఇక్కడే.

మూడో మెట్టు: చివరన నిలబడే తీరు

పలక నేలను తాకాక కుక్క ఎలా ఉండాలో మీరు ముందే నిర్ణయించుకోవాలి. రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ముందు కాళ్లు నేల మీద, వెనక కాళ్లు పలక మీద ఉంచి ఆగడం ఒకటి. నాలుగు కాళ్లూ పలక మీదే, ముందు పాదాలు సరిగ్గా అంచున ఉంచి, ఒంటిని కొద్దిగా కిందికి దించి ఆగడం రెండోది. ఎ-ఫ్రేమ్ (ఇంటికప్పులా రెండు వైపులా వాలు ఉండే అడ్డంకి), డాగ్‌వాక్‌ల మీద మొదటి పద్ధతి నేర్పేవాళ్లు సీ-సాకు కూడా దాన్నే కొనసాగిస్తుంటారు. నా మొగ్గు రెండో దానివైపు. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి. పలక ఇంకా గాలిలో ఉండగానే ముందు కాళ్లను నేల కోసం చాపిన కుక్కకు ఆ దెబ్బంతా భుజాల మీద పడుతుంది. నాలుగు కాళ్లూ పలక మీద ఉంటే పలకతో పాటే దిగుతుంది. పలక ఎగిరిపడినా ఒళ్లు కుదురుగా ఉంటుంది. మరీ తేలికైన కుక్కలకు ఇది ఇంకా అవసరం.

ఏది ఎంచుకున్నా నేర్పవలసింది ఇరుసు లేకుండా నేల మీద పరిచిన పలక మీదే. అంచుకు ఆనించి నేల మీద ఒక చిన్న మూత పెట్టి అందులో ముక్క వేయండి. కుక్క పలక మీదుగా నడిచి అంచుకు వచ్చి తల దించి తింటుంది. తింటున్నంతసేపూ ఒకటొకటిగా ఇంకా వేయండి. తర్వాత 'పద'. విడుదల మాట వినే దాకా కదలకూడదన్నది ఇక్కడే స్థిరపడాలి. మాట అనకుండా మీరు ముందుకు నడవండి, పక్కకు జరగండి, చేయి ఊపండి. కుక్క ఆగి ఉంటే తిరిగి వచ్చి అక్కడే బహుమతి ఇవ్వండి. చాలామంది మాట, అడుగు ఒకేసారి వేస్తారు. అప్పుడు కుక్క మాటను వదిలేసి అడుగును నేర్చుకుంటుంది. పోటీలో మీరు ముందుకు పరుగెత్తగానే పలక గాలిలో ఉండగానే దూకేస్తుంది.

నాలుగో మెట్టు: రెండు బల్లల మధ్య

ఇప్పుడు కదలిక, చప్పుడు, చివరి నిలకడ మూడింటినీ కలపాలి. రెండు దృఢమైన బల్లలు తీసుకుని పలక రెండు చివరల కిందా ఒక్కోటి పెట్టండి. ఇరుసు 60 సెంటీమీటర్లున్నప్పుడు బల్లలు 55 ఉంటే పలక చివర పది సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. బల్లలు 50 అయితే ఇరవై. ఇలా బల్లల ఎత్తు తగ్గేకొద్దీ ఊపు పెరుగుతుంది. కుక్క ఒక బల్ల మీద మొదలై, పలక దాటి, రెండో బల్ల మీద ఆనిన అంచున ఆగుతుంది. అక్కడ మూతలో ముక్కలు సిద్ధంగా ఉంటాయి. బల్లలు కదలకూడదు, పైభాగం జారకూడదు. బల్ల మీద ఒక పట్టా వేస్తే రెండు పనులూ అవుతాయి, చప్పుడూ తగ్గుతుంది.

నేరుగా మొదటి నుంచి చివరకు నడిపించకండి. మొదట కుక్కను రెండో బల్ల మీద నుంచే పలక అంచు ఎక్కించి అక్కడ బహుమతి ఇవ్వండి. అది రుచి మరిగిన చోటు కావాలి. తర్వాత కుక్క ఎత్తుకోగలిగిన బరువుంటే దాన్ని ఎత్తి ఇరుసు దాటిన చోట పలక మీద పెట్టి, అక్కడి నుంచి అంచుకు వెళ్లనివ్వండి. చివరికే మొదటి బల్ల నుంచి మొత్తం దాటించండి. ఇలా వెనక నుంచి ముందుకు కడితే కుక్క ఎప్పుడూ తనకు తెలిసిన చోటికి, ఇష్టమైన చోటికి వెళుతుంది.

ఒక ఎత్తులో కుక్క వరుసగా మూడు రోజులు చెవులు ముందుకు పెట్టుకుని, ఆగకుండా అంచు దాకా వెళితేనే బల్లలు దించండి. దించినప్పుడు ఐదు సెంటీమీటర్లకు మించవద్దు. ఒకసారి తడబడితే చూస్తూ ఊరుకోండి. రెండోసారి కూడా తడబడితే వెనకటి ఎత్తుకు వెళ్లండి.

ఐదో మెట్టు: పూర్తి సీ-సా

ఎత్తు మార్చుకునే సీ-సా ఉంటే బల్లలు తీసేసి ఇరుసును 15 సెంటీమీటర్లకు దించి మొదలుపెట్టండి. లేకపోతే ఒక సహాయకుడు కావాలి. అతను లేచి ఉన్న చివర పక్కన నిలబడి, కుక్క ఇరుసు దాటగానే పలకను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా దించుతాడు. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. సహాయకుడు పట్టుకోవలసింది పలకనే, కుక్కను కాదు. అతను కుక్క కళ్లలోకి చూడకుండా, దాని మీదికి వంగకుండా పక్కకు తిరిగి ఉండాలి. ఆఖరి అరచేయి ఎత్తును మాత్రం మొదటి రోజు నుంచీ కుక్కకే వదిలేయండి. చిన్న 'ధడ్' అది తానే చేయాలి. రోజులు గడిచేకొద్దీ అతను వదిలే ఎత్తు పెరుగుతూ పోతుంది.

మీ చేతిలో ముక్క పట్టుకుని కుక్క ముక్కు ముందు జరుపుతూ నడిపించకండి. నేను చుక్కను పాడుచేసింది అలాగే. తల తిండి వైపు తిరిగితే ఒళ్లు కూడా అటే ఒరుగుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పులో అది చాలు కాలు జారడానికి. ముక్క ఎప్పుడూ పలక అంచున, మధ్యలో, కిందుగా దొరకాలి. మీరు పలకకు చేయి చాపితే అందేంత పక్కన, కుక్క భుజానికి సమానంగా నడవండి. మాటలు తగ్గించండి. ముద్దుగా బతిమాలే గొంతు విన్న కుక్క, ఇక్కడ ఏదో తేడా ఉందని గ్రహిస్తుంది.

మొదట్లో కుక్క ఇరుసు దగ్గర ఒక్క క్షణం ఆగి, పలక కదలికను పాదాలతో కొలుచుకుంటుంది. దాన్ని ఆగనివ్వండి. వేగం తర్వాత వస్తుంది. కానీ ఎప్పటికీ అక్కడే ఆగితే పలక మెల్లగా, వంకర టింకరగా దిగుతుంది, కుక్కకు ఆ అనిశ్చితే ఇంకా భయం. ఐదు కిలోల కుక్క ఇరుసుకు 30 సెంటీమీటర్ల అవతల నిలబడినప్పటి కన్నా మీటరున్నర అవతల నిలబడినప్పుడు పలకను ఐదింతలు ఎక్కువగా తిప్పగలదు. చిన్న కుక్కలు అంచు దాకా ధైర్యంగా పరుగెత్తాలని పట్టుబట్టేది ఇందుకే. వాటికి పలక అంచు దాకా వెళ్లాకే పడటం మొదలవుతుంది. పెద్ద కుక్కకు ఇరుసు దాటగానే కాళ్ల కింద పలక వంగుతుంది కాబట్టి, కదులుతున్న పలక మీదే అడుగు ఆపకుండా దిగడం దానికి నేర్పాలి. ఒకే పాఠం ఇద్దరికీ సరిపోదు.

రోజుకు ఐదారుసార్లు చాలు. ఇంకోసారి చేస్తానని కుక్క ఉవ్విళ్లూరుతుండగానే ఆపండి.

ఆరో మెట్టు: ఎక్కే దారి, మాట, వేగం

సీ-సా ప్రమాదాల్లో చాలావరకు ఎక్కేటప్పుడే మొదలవుతాయి. పక్క కోణం నుంచి వచ్చిన కుక్క వెనక కాలు పలక అంచున పడుతుంది, రెండో అడుగుకే ఒరుగుతుంది. మొదటి వారాల్లో ఎప్పుడూ సూటిగా పంపండి, ముందు ఐదారు అడుగుల తిన్నని దారి ఉండాలి. తర్వాత కోణం కొద్దికొద్దిగా పెంచుతూ, కుక్క తనంతట తాను తిరిగి పలకకు సూటిగా వచ్చేలా చూడండి. ఎక్కే చోట రెండు పక్కలా రెండు కర్రలు పాతితే దారి దానికే తెలుస్తుంది.

సీ-సాకు ప్రత్యేకమైన మాట ఉండాలి. పరుగులో వస్తున్న కుక్కకు ఎదురుగా కనిపించే సీ-సా, డాగ్‌వాక్ దాదాపు ఒకేలా ఉంటాయి. డాగ్‌వాక్ అనుకుని పూర్తి వేగంతో ఎక్కిన కుక్క గాలిలోకి ఎగిరిపోతుంది. మాట కుక్క పలక ఎక్కాక అంటే ఉపయోగం లేదు, నాలుగైదు అడుగుల ముందే వినిపించాలి.

వేగం వచ్చాక మీ స్థానం మార్చండి. ఎడమ వైపు, కుడి వైపు, వెనకబడి, ముందుకు వెళ్లి, దూరంగా జరిగి. ప్రతి కొత్త స్థానానికీ మొదటి రోజు ఇరుసు ఎత్తు తగ్గించండి. పక్కకు జరిగినప్పుడు కుక్క మీ వైపు చూస్తూ అంచున వంకరగా నిలబడితే, బహుమతిని మీ చేతితో ఇవ్వడం మానేసి మళ్లీ మూతలోకి మార్చండి.

కొత్త మైదానంలో సీ-సా మరో కుక్క కింద ఎలా మోగుతుందో ముందు దూరం నుంచి విననివ్వండి. చెక్క పలక ధ్వని వేరు, అల్యూమినియం పలక ధ్వని వేరు. ఇసుక మీద మెత్తగా పడేది గట్టి నేల మీద ఎగిరిపడుతుంది. వీలుంటే అక్కడ మొదట రెండుసార్లు బ్యాంగ్ ఆట ఆడించి, తర్వాతే ఎక్కించండి.

తేడా వచ్చినప్పుడు

కుక్క పడిపోయినా, బెదిరినా వెంటనే మళ్లీ ఎక్కించాలని, లేకపోతే భయం పాతుకుపోతుందని చాలామంది గట్టిగా చెబుతారు. నేను ఒప్పుకోను. బెదిరిన కుక్కను మెడపట్టీ పట్టి లాగితే సీ-సాతో పాటు మీ మీద నమ్మకం కూడా పోతుంది. ముందు దెబ్బ తగిలిందేమో కాళ్లు, వేళ్లు, నడుము నిమిరి చూడండి. దానికి బాగా వచ్చిన ఒక దూకుడు చేయించి, మెచ్చుకుని, ఆ రోజుకు ఇంటికి తీసుకెళ్లండి. రెండు రోజులాగి చదరపు చెక్కతో మొదలుపెట్టండి. నేర్చిన కుక్క కాబట్టి మెట్లు త్వరగా ఎక్కుతుంది, కానీ ఏ మెట్టూ దాటేయకండి.

పలక నేలను తాకకముందే దూకే కుక్క సంగతి వేరు. అది భయంతో దూకుతోందా, తొందరతో దూకుతోందా అన్నది చూడండి. భయపడేది ఒళ్లు కుదించుకుని పక్కకు దూకుతుంది, దానికి బ్యాంగ్ ఆట కావాలి. తొందరపడేది ముందుకు, మీ వెంట దూకుతుంది, దానికి విడుదల మాట పాఠం కావాలి. రెండింటికీ ఒకే మందు వేస్తే ఒకటి తప్పక ముదురుతుంది. ఎప్పుడూ బాగా చేసే కుక్క హఠాత్తుగా నెమ్మదిస్తే, ఎక్కడానికి వెనకాడితే, దాన్ని మొండితనం అనుకోకండి. భుజమో, మణికట్టో, వెన్నో నొప్పి చేసి ఉండవచ్చు. ముందు పశువైద్యుడు, తర్వాతే శిక్షణ.

చుక్కకు మొదటి చెక్క నుంచి పూర్తి ఎత్తు దాకా రావడానికి పదకొండు వారాలు పట్టింది. ఆ రోజు సహాయకుడు లేడు, పరుపు లేదు. నేను ఇంకా మాట అనకముందే అది మలుపు తిరిగి పలక వైపు సూటిగా వచ్చింది. ఇరుసు దగ్గర ఆగలేదు. అంచుకు చేరి, ముందు పాదాలు అంచున బిగించి, మోచేతులు వంచి, చెవులు వెనక్కి ఎగురుతుండగా పలకతో పాటే కిందికి దిగింది. ధడ్‌మనగానే తోక రెండుసార్లు ఊపి, కదలకుండా నా నోటి వైపు చూసింది. 'పద' అన్నాను. నేరుగా వెళ్లి మళ్లీ పలక మొదట్లో నిలబడింది. ముక్కలున్న సంచిని దాని ముందు పూర్తిగా బోర్లించి, ఆ రోజుకు అక్కడితో ఆపేశాను.